టార్గెట్ షూటింగ్‌కి స్ట్రెయిట్ పుల్ రైఫిల్: ఏది ఎవరికి సరిపోతుంది

స్ట్రెయిట్ పుల్ కొనాలనుకునేవాళ్ళు దాదాపు అందరూ మొదట అడిగేది స్పీడ్ గురించే. మామూలు బోల్ట్ రైఫిల్‌లో హ్యాండిల్ పైకెత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకి తొయ్యాలి, కిందికి దించాలి, మొత్తం నాలుగు కదలికలు. స్ట్రెయిట్ పుల్‌లో లాగడం, తొయ్యడం, అంతే. వినడానికి బాగుంది కానీ టార్గెట్ షూటింగ్‌లో అసలు లాభం టైమ్ ఒక్కటే కాదు. హ్యాండిల్ పైకెత్తే పని లేదు కాబట్టి రైఫిల్ పక్కకి ఒరగదు, చెంప స్టాక్ మీద నుంచి లేవదు, భుజంలో బట్ జారదు, రెండో షాట్‌కి మళ్ళీ మొదటి నుంచి పొజిషన్ కట్టుకోవాల్సిన పని ఉండదు. నా లెక్కలో స్ట్రెయిట్ పుల్ కొనడానికి ఉన్న గట్టి కారణం ఇదే. కాబట్టి ఏ రైఫిల్ చూసినా కౌంటర్ దగ్గర నిలబడి బోల్ట్ లాగి చూసి ఓకే అనుకోకండి, కింద పడుకుని భుజానికి ఆనించి స్కోప్‌లోంచి చూస్తూ లాగండి, క్రాస్ హెయిర్ ఎంత కదులుతుందో మీ కంటికే తెలిసిపోతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. మీరు ఆడేది 50 మీటర్ల ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) తరహా స్లో ఫైర్ అయితే, ఒక్కో తూటా చేత్తో పెట్టి తీరిగ్గా కాల్చేది అయితే, స్ట్రెయిట్ పుల్ కోసం డబ్బు ఎక్కువ పెట్టొద్దు. అక్కడ పదో రింగ్ 10.4 మిల్లీమీటర్లే, దానికి కావాల్సింది మంచి బ్యారెల్, మంచి ట్రిగ్గర్, ఒంటికి సరిపోయే స్టాక్, రైఫిల్‌కి నప్పే తూటా. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య బోలెడు టైమ్ ఉన్నప్పుడు మంచి టర్న్ బోల్టే, అంటే హ్యాండిల్ పైకెత్తే మామూలు బోల్ట్ రైఫిలే చాలు.

## ముందు ఏం చూడాలి

మీ పోటీలో గడియారం ఉందా. బయాథ్లాన్ (స్కీయింగ్ చేస్తూ మధ్యలో ఆగి కాల్చే ఆట), టైమ్ పెట్టి ఆడే ప్రాక్టికల్ రైఫిల్, వరసగా ఐదో పదో షాట్లు కాల్చే స్టేజీలు, వీటిల్లో స్ట్రెయిట్ పుల్‌కి నిజంగా విలువ ఉంటుంది. గాలి చూసుకుని, అది మారేలోపు గబగబా ఐదు షాట్లు కాల్చేసే లాంగ్ రేంజ్ వాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఖాళీ కేసు ఎలా బయటికొస్తుంది. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, నేను మాత్రం దీనికే అన్నిటికంటే పెద్ద పీట వేస్తా. తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి చాంబర్ (తూటా కూర్చునే గది) గోడలకి అతుక్కుంటుంది. టర్న్ బోల్ట్‌లో హ్యాండిల్ పైకెత్తే కదలికలోనే ఒక వాలు ఉంటుంది, అది మీటలాగా పనిచేసి కేసుని కొంచెం కదిలించి వదులు చేస్తుంది, ఆ తర్వాతే మనం లాగుతాం. స్ట్రెయిట్ పుల్‌లో ఆ మీట బలం బాగా తక్కువ, కొన్నిట్లో దాదాపు ఉండదు, మన చేతి బలంతోనే లాగాలి. .22 ఎల్ఆర్ అనే చిన్న తూటాలో ప్రెషర్ తక్కువ కాబట్టి దీంతో పేచీ రాదు. సెంటర్‌ఫైర్‌లో, అంటే .223, .308 లాంటి పెద్ద తూటాల్లో మాత్రం చాంబర్ మురికిగా ఉన్నా, ఎండలో రైఫిల్ వేడెక్కినా, హ్యాండ్‌లోడ్‌లో (సొంతంగా నింపుకున్న తూటాలో) పౌడర్ ఎక్కువ దట్టించినా బోల్ట్ మొండికేస్తుంది. గట్టి లోడ్లంటే ఇష్టపడేవాళ్ళు ఈ ఒక్క విషయం మీదే నిర్ణయం మార్చుకోవాల్సి రావచ్చు.

లాక్ ఎలా పడుతుంది, పడిందని ఎలా తెలుస్తుంది. దీనికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. కెనడా వాళ్ళ రాస్ రైఫిల్ స్ట్రెయిట్ పులే, రేంజ్ మీద గురికి పేరున్న రైఫిలే, కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో ట్రెంచిల బురదలో జామ్ అయిపోయేది. పైగా 1910 మోడల్‌లో బోల్ట్‌ని విప్పి తప్పుగా బిగిస్తే లాక్ పడకుండానే పేలే ప్రమాదం ఉండేది. చివరికి 1916లో దాన్ని పక్కన పెట్టి సైన్యానికి లీ ఎన్‌ఫీల్డ్ ఇచ్చారు, స్నైపర్లు కొందరు మాత్రం గురి కోసం రాస్‌నే అట్టిపెట్టుకున్నారు. ఇప్పటి డిజైన్లు వేరు, ఇలాంటి ప్రమాదం లేకుండానే కడతారు. అయినా పాత రాస్ ఒకటి చవగ్గా దొరికిందని తెచ్చుకునేవాళ్ళు గన్‌స్మిత్‌కి చూపించకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు.

బ్యారెల్ లావు. స్ట్రెయిట్ పుల్స్‌లో చాలా భాగం వేట కోసం చేసినవి, బ్యారెల్ సన్నగా ఉంటుంది, నాలుగైదు షాట్లకే వేడెక్కి గ్రూప్, అంటే తూటాలు గుంపుగా పడే చోటు, జరగడం మొదలవుతుంది. వేటగాడికి ఒకటి రెండు షాట్లే కాబట్టి అది తప్పు కాదు, మనకి మాత్రం ఇరవై షాట్ల స్ట్రింగ్ ఉంటుంది.

మ్యాగజైన్ (తూటాల పెట్టె) దొరకడం, ఎడమచేతి వాటం, ట్రిగ్గర్ బరువు, ఇవన్నీ ఒక్కో రైఫిల్ దగ్గర చెప్తా.

## .22 లో: ఫోర్ట్‌నర్, ఇజ్మాష్, టి-బోల్ట్

.22 లో స్ట్రెయిట్ పుల్ ఎందుకు నిలబడిందో అర్థం కావాలంటే బయాథ్లాన్ చూడాలి. స్కీయింగ్ చేసి గుండె దడదడ కొట్టుకుంటుండగా వచ్చి 50 మీటర్ల దూరంలో ఐదు టార్గెట్లు కొట్టాలి, పడుకుని అయితే 45 మిల్లీమీటర్లు, నిలబడి అయితే 115 మిల్లీమీటర్లు. సెమీ ఆటోమేటిక్ కుదరదు, స్కోప్ కుదరదు, ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి, రైఫిల్ కనీసం 3.5 కిలోలు ఉండాలి. 1978 నుంచి .22 కి మారాక చేత్తో అతి తక్కువ కదలికతో తిరిగే బోల్ట్ కోసం అందరూ వెతికారు, అలా నిలబడిందే ఆన్‌షుట్జ్ 1827 ఫోర్ట్‌నర్.

ఫోర్ట్‌నర్‌లో బోల్ట్‌ని చూపుడువేలితో వెనక్కి లాగి బొటనవేలితో ముందుకి తోస్తారు, అరచేయి గ్రిప్ దగ్గర నుంచి పెద్దగా కదలదు. లాక్ పడేది స్టీల్ బాల్స్‌తో. చలిలో, మంచులో కూడా పనిచెయ్యాలని కట్టినది కాబట్టి నునుపు విషయంలో దీనికి సాటి చెప్పడం కష్టం, మంచి షూటర్లు 30 సెకన్లలోపే ఐదు షాట్లూ ముగించేస్తారు. ఎడమచేతి వెర్షన్ కూడా ఉంది. ఇబ్బంది ఏంటంటే ఇది పూర్తిగా ఒక ఆట కోసం పుట్టిన రైఫిల్, స్టాక్ వెనక పట్టీలు, మ్యాగజైన్లు పెట్టుకునే గూళ్ళు, సైట్ మీద మంచు పడకుండా మూతలు, ఇవన్నీ మామూలు రేంజ్ షూటర్‌కి ఉట్టి బరువే. ఖరీదు కూడా ఎక్కువ. ఈ యాక్షన్ నచ్చి బయాథ్లాన్ సరంజామా వద్దనుకుంటే అదే ఫోర్ట్‌నర్ యాక్షన్‌తో ఆన్‌షుట్జ్ 1727 ఉంది, అది స్పోర్టర్ స్టాక్‌తో వస్తుంది, స్కోప్ పెట్టుకోవచ్చు, రేంజ్‌కి నేనైతే దాన్నే చూడమంటా.

రష్యాలో ఇజెవ్‌స్క్ ఊళ్ళోని ఇజ్మాష్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బయాథ్లాన్ 7-2 అనే రైఫిల్ ఇంకో దారి పట్టింది. ఇందులో టాగుల్, అంటే మోకాలి కీలులా మడిచే లింక్ ఉంటుంది, తెరవడానికీ మూయడానికీ వేళ్ళే చాలు. పాతవి గట్టివి, గురి బాగుంటుంది, ఫోర్ట్‌నర్ అంత పట్టులాంటి నునుపు మాత్రం ఆశించొద్దు. కొనేముందు మీ ఊరి పరిసరాల్లో మ్యాగజైన్లూ స్పేర్లూ దొరుకుతాయా లేదా కనుక్కోండి, ఇది దీని అసలు బలహీనత.

బ్రౌనింగ్ టి-బోల్ట్ మామూలు మనిషికి అందే స్ట్రెయిట్ పుల్. 1965లో వచ్చింది, మధ్యలో ఆగిపోయింది, 2006లో మళ్ళీ మొదలుపెట్టారు. హ్యాండిల్ లాగగానే అడ్డంగా ఉన్న లాక్ తిరిగి విడుతుంది. కొత్త వాటిలో పది తూటాల డబుల్ హెలిక్స్ మ్యాగజైన్ ఉంటుంది, .22 ఎల్ఆర్‌తో పాటు .17 హెచ్ఎంఆర్, .22 మ్యాగ్నమ్ కూడా ఉన్నాయి. పేపర్ టార్గెట్‌కి అయితే సన్న బ్యారెల్ స్పోర్టర్ జోలికి పోకుండా లావు బ్యారెల్ మోడల్ తీసుకోండి. ఫోర్ట్‌నర్ లాగా వేళ్ళతో తిరిగే బోల్ట్ కాదు, చెయ్యి గ్రిప్ వదలాల్సిందే, అయినా చెంప లేవకుండా సాగిపోతుంది, క్లబ్ స్థాయి పోటీలకి అది చాలు.

## ఏఆర్ తరహా స్ట్రెయిట్ పుల్

ఏఆర్ అంటే ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్, దాని రూపంలోనే ఉండే స్ట్రెయిట్ పుల్ ఇది. ఇది బ్రిటన్ పరిస్థితుల్లోంచి పుట్టింది. 1987లో హంగర్‌ఫర్డ్ ఊళ్ళో జరిగిన సామూహిక కాల్పుల తర్వాత 1988 చట్టంతో అక్కడ సెంటర్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు నిషేధించారు. ప్రాక్టికల్ రైఫిల్ ఆడేవాళ్ళకి గ్యాస్ వ్యవస్థ అసలు లేకుండా, పక్కన హ్యాండిల్‌తో చేత్తో లాగే ఏఆర్‌లు తయారయ్యాయి. గ్యాస్ సాయంతో కేసు బయటికొచ్చి, లివర్ నొక్కితే మూసుకునే ఇంకో రకం కూడా కొన్నాళ్ళు నడిచింది, దాన్ని 2019 చట్టంతో ఆపేశారు. చట్టం దేశదేశానికీ మారుతుంది, చూడటానికి ఏఆర్‌లా ఉంటే చాలు కుదరదనే చోట్లు కూడా ఉన్నాయి, కాబట్టి లైసెన్స్ సంగతి తేల్చుకోకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

మంచి విషయాలు చాలా ఉన్నాయి. స్టాక్, గ్రిప్, ట్రిగ్గర్, హ్యాండ్‌గార్డ్ అన్నీ మీకు నచ్చినవి పెట్టుకోవచ్చు, మ్యాగజైన్లు సులువుగా దొరుకుతాయి, .223 లో రీకాయిల్ (వెనక్కి తన్నడం) తక్కువ కాబట్టి షాట్ పడిన చోటు స్కోప్‌లో మీరే చూసుకోవచ్చు. బ్యారెల్ ట్విస్ట్, అంటే లోపలి గాడులు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో మాత్రం అడిగి తెలుసుకోండి. 69 నుంచి 77 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్లతో 300 మీటర్లూ ఆ పైనా ఆడాలంటే 1:8 లేదా 1:7 కావాలి, 1:12 ట్విస్ట్ తేలిక బుల్లెట్లకే.

ఇక్కడే నేను పైన చెప్పిన కేసు సమస్య అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఏఆర్ బోల్ట్ ఎప్పుడూ గ్యాస్ బలంతో విడిపోయేలా డిజైన్ చేసింది, గ్యాస్ తీసేస్తే ఆ పని మీ చేతి మీద పడుతుంది. శుభ్రమైన చాంబర్, మధ్యస్థంగా ఉన్న లోడ్, ఫుల్ లెంత్ సైజ్ చేసిన (పొడవంతా మళ్ళీ అసలు కొలతకి నొక్కిన) కేసులు, ఈ మూడూ పాటిస్తే రోజంతా హాయిగా నడుస్తుంది, ఒక్కటి తప్పినా హ్యాండిల్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది. .308 లో అయితే ఇది ఇంకా ఎక్కువ, అందుకే ఏఆర్ తరహాలో మొదటిది కొనేవాళ్ళకి .223 చెప్తా. ఇంకోటి, స్ప్రింగ్‌తో మూసుకునే రకాల్లో హ్యాండిల్ పూర్తిగా వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలెయ్యాలి, చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకి తీసుకెళ్తే లాక్ పూర్తిగా పడకపోవచ్చు. నెమ్మది మనుషులకి ఈ అలవాటు పట్టడానికి కొంచెం టైమ్ పడుతుంది. హ్యాండిల్ ఏ పక్కన, ఎంత పొడవు, పడుకున్నప్పుడు మోచేయి నేల మీద నుంచి లేవకుండా అందుతుందా, ఇవి చూస్కోండి.

## యూరప్, అమెరికా కొత్త రైఫిళ్ళు

బ్లేజర్ ఆర్8 2008లో వచ్చింది. దీని లాక్ 360 డిగ్రీలూ విచ్చుకుని పట్టే కాలెట్ (చీలికలున్న ఉంగరం), ఒకటీ రెండూ లగ్గుల (పట్టే పళ్ళ) మీద కాదు చుట్టూ సమానంగా భారం పడుతుంది. స్కోప్ మౌంట్ నేరుగా బ్యారెల్ మీదే కూర్చుంటుంది, రెండు నట్లు వదులు చేసి బ్యారెల్ తీసి మళ్ళీ పెట్టినా జీరో (స్కోప్‌కి సరిచేసిన గురి) దాదాపు అక్కడే ఉంటుంది. ఒకే రైఫిల్‌తో పేపరూ వేటా రెండూ చెయ్యాలనుకునేవాళ్ళకి ఇంతకంటే పొందికైనది నాకు కనిపించలేదు. ట్రిగ్గర్ వేట రైఫిల్స్‌లో చాలా శుభ్రంగా విడిచేది. కాకపోతే మ్యాగజైన్, ట్రిగ్గర్ ఒకే యూనిట్, పొడుగు మ్యాగజైన్‌తో ఆడే పోటీలకి అది నప్పదు, ఇంకో బ్యారెల్ కొనాలంటే దాదాపు ఇంకో రైఫిల్ కొన్నట్టే డబ్బు అవుతుంది. పేపర్ కోసం కొంటే లావు బ్యారెల్ ఆప్షన్ తప్పకుండా పెట్టించండి.

మెర్కెల్ హీలిక్స్ లో గేర్ ఉంటుంది, హ్యాండిల్ కొంచెం లాగితే లోపల బోల్ట్ హెడ్ ఎక్కువ దూరం వెళ్తుంది, బోల్ట్ బాడీ వెనకకి ముఖం వైపు రాదు, బ్యారెల్ మార్చడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. వేగం విషయంలో అద్భుతం. పరుగెత్తే టార్గెట్ మీద ఆడేవాళ్ళకి చాలా బాగుంటుంది, బెంచ్ మీద గ్రూప్‌ల కోసం అయితే నేను చెప్పను, అంతా వేట బరువులోనే ఉంటుంది.

బెరెట్టా బీఆర్ఎక్స్1 2021లో వచ్చింది. ఎడమచేతి వాళ్ళు దీన్ని మొదట చూడాలి, హ్యాండిల్ ఏ పక్కకైనా మార్చుకోవచ్చు, కేసు ఏ పక్కకి ఎగరాలో కూడా మార్చుకోవచ్చు. ఒకే ఇంట్లో ఒకరు కుడి ఒకరు ఎడమ అయితే ఇద్దరికీ ఒకే రైఫిల్ సరిపోతుంది. ట్రిగ్గర్ బరువు మూడు మెట్లలో మారుతుంది, అయినా అది వేట ట్రిగ్గరే.

శావేజ్ ఇంపల్స్ కూడా 2021దే, కానీ ఈ గుంపులో నేరుగా టార్గెట్ కోసం ఒక మోడల్ ఉన్నది ఇదే. లాక్ స్టీల్ బాల్స్‌తో బ్యారెల్ ఎక్స్‌టెన్షన్‌లోకి పడుతుంది, భారం అక్కడే ఆగిపోతుంది కాబట్టి రిసీవర్ అల్యూమినియంతో చెయ్యగలిగారు. ఎలీట్ ప్రెసిషన్ అనే వెర్షన్ ఎండీటీ కంపెనీ చాసిస్‌లో (లోహపు స్టాక్), లావు బ్యారెల్‌తో, విడిగా తీసి మార్చుకునే ఏఐసీఎస్ తరహా మ్యాగజైన్‌తో వస్తుంది, 6.5 క్రీడ్‌మూర్, .308 లాంటి క్యాలిబర్లున్నాయి. అక్యూట్రిగ్గర్ అనే శావేజ్ ట్రిగ్గర్‌ని మీరే సర్దుకోవచ్చు. బ్లేజర్ అంత నునుపు లేదు, బోల్ట్ కదులుతున్న చప్పుడూ గరుకూ చేతికి తెలుస్తాయి, కానీ స్టేజీల మీద టైమ్‌తో ఆడే లాంగ్ రేంజ్ వాళ్ళకి ఇది పెట్టెలోంచి తీసి వాడుకునేలా ఉంటుంది.

## స్విస్ కే31

పాత సైనిక రైఫిల్ అని తీసిపారేయొద్దు. 1931లో స్విస్ సైన్యం తీసుకున్న ఈ కార్బైన్ 1958 దాకా తయారైంది, పౌరులూ సైనికులూ 300 మీటర్ల రేంజ్‌లో పోటీపడే దేశంలో పుట్టింది కాబట్టి గురి మీద శ్రద్ధ పెట్టి కట్టారు. తూటా 7.5×55, దానికి జీపీ11 అనే సైనిక తూటా 174 గ్రెయిన్ బుల్లెట్‌తో మ్యాచ్ తూటాకి దగ్గరగా ఉంటుంది. రెండు దశల ట్రిగ్గర్ చాలా బాగుంటుంది, వెనక ఉన్న రింగ్‌తో సేఫ్టీ పెట్టొచ్చు, తూటా పేలకపోతే బోల్ట్ తెరవకుండా మళ్ళీ కాక్ చెయ్యొచ్చు. చాలా రైఫిళ్ళలో బట్ ప్లేట్ కింద ఆ సైనికుడి పేరు రాసిన చిన్న చీటీ ఇప్పటికీ ఉంటుంది, అది చూసినప్పుడు ఆ రైఫిల్ మీద గౌరవం పెరుగుతుంది.

కేసు పైకి ఎగురుతుంది, అందుకే మధ్యలో స్కోప్ పెట్టడం కుదరదు, పక్క మౌంట్ పెట్టాలి, అప్పుడు చెంప సరిగ్గా ఆనదు. దీన్ని ఐరన్ సైట్‌తో లేదా బిగించుకునే డయాప్టర్‌తో (చిన్న రంధ్రంలోంచి చూసే సైట్) ఆడటమే అందం. జీపీ11లో ఉన్నది బెర్డాన్ రకం ప్రైమర్ (తూటాని అంటించే మందు మూత) కాబట్టి ఆ కేసుల్ని రీలోడ్ చెయ్యడం, అంటే మళ్ళీ నింపడం కష్టం, రీలోడ్ చేసేవాళ్ళు సులువుగా నింపుకోగలిగే బాక్సర్ రకం కేసులు కొనుక్కోవాలి. చాంబర్ ముందు భాగం పొట్టి, బొద్దుగా ఉండే బుల్లెట్లు బయటికి పెట్టి సీట్ చేస్తే (కేసులో కూర్చోబెడితే) రైఫ్లింగ్‌కి, అంటే బ్యారెల్ లోపలి గాడులకి తగులుతాయి, అందుకని ఏ బుల్లెట్‌కి ఎంత లోతు అనేది డమ్మీ తూటాతో చూసుకోవాలి.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| రైఫిల్ | ఎక్కడ బాగుంటుంది | కేసు బయటికి రావడం | ఎక్కడ ఇబ్బంది |
|---|---|---|---|
| ఆన్‌షుట్జ్ ఫోర్ట్‌నర్ | బయాథ్లాన్, .22 టైమ్ పోటీలు | పేచీ లేదు | ఖరీదు |
| బయాథ్లాన్ 7-2 | తక్కువలో బయాథ్లాన్ | పేచీ లేదు | స్పేర్లు |
| టి-బోల్ట్ | క్లబ్ .22 | పేచీ లేదు | చెయ్యి గ్రిప్ వదలాలి |
| ఏఆర్ తరహా .223 | ప్రాక్టికల్ రైఫిల్ | శుభ్రత, లోడ్ మీద ఆధారం | చట్టం, చాంబర్ మురికి |
| బ్లేజర్ ఆర్8 | పేపరూ వేటా రెండూ | బాగుంటుంది | మ్యాగజైన్, బ్యారెల్ ఖర్చు |
| హీలిక్స్, బీఆర్ఎక్స్1 | వేట ఎక్కువ, పేపర్ తక్కువ | మామూలు లోడ్లకి బాగుంటుంది | సన్న బ్యారెల్ |
| శావేజ్ ఇంపల్స్ ఎలీట్ | లాంగ్ రేంజ్ స్టేజీలు | మామూలు లోడ్లకి బాగుంటుంది | బరువు, కొంచెం గరుకు |
| కే31 | 300 మీటర్లు, ఐరన్ సైట్ | మంచి తూటాతో బాగుంటుంది | స్కోప్ |

## మీరు ఎవరైతే ఏది

షూటింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సెంటర్‌ఫైర్ వైపు చూడకండి, టి-బోల్ట్ లావు బ్యారెల్‌తో మొదలుపెట్టి .22 తూటాలు ఎక్కువ కాల్చండి, ట్రిగ్గర్ నొక్కడం అక్కడే వస్తుంది. బయాథ్లాన్ సీరియస్‌గా ఆడతామంటే ఫోర్ట్‌నర్‌కి డబ్బు దాచుకోండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, మధ్యలో వేరేది కొని తర్వాత మార్చడం కంటే అదే మేలు.

ప్రాక్టికల్ ఆడేవాళ్ళలో రెండు రకాలుంటారు. 300 మీటర్ల లోపు, చాలా షాట్లు, రకరకాల పొజిషన్లు అయితే ఏఆర్ తరహా. 500 దాటి బైపాడ్ మీద స్టేజీలు అయితే ఇంపల్స్ లాంటిది. ఈ రెండో రకం వాళ్ళు ఒక్క ప్రశ్న తమని తాము గట్టిగా అడగాలి, నాకు గట్టి లోడ్లు కావాలా. కావాలంటే మంచి టర్న్ బోల్ట్ చాసిస్ రైఫిలే తీసుకోండి, బోల్ట్ మొండికేసిన ఒక్క స్టేజీలో పోయే టైమ్, స్ట్రెయిట్ పుల్‌తో రోజంతా కూడబెట్టిన టైమ్‌ని మింగేస్తుంది.

భుజంలోనో మణికట్టులోనో నొప్పి ఉన్నవాళ్ళకి స్ట్రెయిట్ పుల్ సులువని చెప్తుంటారు. .22 లో నిజమే. సెంటర్‌ఫైర్‌లో అది సగమే నిజం, పైకెత్తే తిప్పుడు తప్పుతుంది కానీ లాగే బలం ఎక్కువ కావాలి, కాబట్టి కాల్చి చూడకుండా కొనొద్దు, ఖాళీ రైఫిల్ బోల్ట్ లాగితే ఏమీ తెలియదు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు, అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే రేంజ్‌లో మీరు వాడబోయే తూటాలతోనే ఆపకుండా ఓ ఇరవై కాల్చండి. మొదటి ఐదింటికీ చివరి ఐదింటికీ లాగే బలంలో తేడా గమనించండి, పేపర్ మీద గ్రూప్ ఎటు జరిగిందో చూడండి, బయటికొచ్చిన కేసులు ఏరుకుని అంచు దగ్గర ఎక్‌స్ట్రాక్టర్ (కేసుని పట్టి లాగే కొక్కెం) గీరిన గుర్తులు లోతుగా ఉన్నాయేమో చూడండి. అంచు వంగినట్టో చిరిగినట్టో ఉంటే చాంబర్ గరుకైనా ఉండాలి, లోడ్ ఎక్కువైనా ఉండాలి. ఫ్యాక్టరీ తూటాతో కూడా అలాగే వస్తుంటే గన్‌స్మిత్ చాంబర్, హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ చాంబర్‌కీ మధ్య తూటా కూర్చునే కొలత) చూసి బాగుందని చెప్పేదాకా ఆ రైఫిల్‌కి డబ్బు ఇవ్వకండి.